పసుపు అద్దం

మనవడు కొన్న పాత కెమెరా పెట్టెలో ఇత్తడి అంచున్న పసుపు అద్దం కనబడగానే, నా అరచెయ్యి దానంతటదే దాన్ని కప్పేసింది.

తెల్లదొరల కాలం. నాకు తొమ్మిదేళ్లు. మార్కాపురంలో మా నాయన పలకలు కోసేవాడు. ఒకరోజు కంభం నుంచి ఫోటోలాయన వచ్చి నన్ను రాతిపలకల గుట్ట ముందు నిలబెట్టాడు. నా మొహం పరీక్షగా చూసి, లెన్సుకు తొడిగే మూడు రంగు అద్దాల్లో పసుపుది ఎంచాడు. ముచ్చటపడి దాన్ని అడిగి తీసుకుని, అందులోంచి నా చేతులు చూసుకున్నాను. నలుగు పెట్టిన పెళ్లికూతురి చేతులు!

ఆయన దాన్ని లెన్సుకు తొడగగానే ఉరికి చెయ్యి అడ్డం పెట్టాను. "నాకు పెండ్లొద్దు!"

"పెండ్లేంది పాపా? నల్లగుండావు గదా, ఇది పెడితే ఫోటోలో రంగు తేలతావు," అన్నాడాయన.

"నల్లగానే తియ్యి మామా. లేకుంటే చెయ్యి తియ్యను."

నాయన నా వైపు చూడలేదు. "ఆ అద్దం తీసెయ్యన్నా," అన్నాడు.

ఆ ఫోటో గిద్దలూరులో మగపెళ్లివారికి పంపడానికేనని చాలా ఏళ్లకు అమ్మ చెప్పింది. అద్దం సంగతి తెలియకపోయినా, పెళ్లి సంగతి సరిగ్గానే పట్టానన్నమాట. ఫోటోలో పలకంత నల్లగా, కళ్లురుముతూ ఉన్న ఆ పిల్లను వాళ్లు వద్దన్నారు.

నేను ఇంకో నాలుగేళ్లు, నాయన కోసిన పలక పట్టుకుని బడికి పోయాను.