మూత పెట్టిన గిన్నె

నీమి యసుయో పనిచేసే హోటల్లో అతిథిని ప్రశ్న అడగడమంటే తలవంపులు. నీళ్ళు కావాలా అని అడిగావంటే గ్లాసు ఖాళీ అవడం నువ్వు చూడలేదన్నమాట. చలిగా ఉందా అని అడిగావంటే ఆయన భుజాలు ముడుచుకోవడం గమనించలేదన్నమాట. అడక్కుండా కనిపెట్టాలి, కనిపెట్టినట్టు కనపడకూడదు. కోబే రేవుకు ఎదురుగా పై అంతస్తులో ఉన్న ఆ భోజనశాలలో కొత్తగా చేరిన ప్రతి పిల్లకూ మొదట నేర్పేది ఇదే. ఎడమచేతి వాటం మనిషి రెండోసారి వచ్చేసరికి అన్నం తినే పుల్లలు అటు తిప్పి పెట్టి ఉంటాయి. మోకాళ్ళ నొప్పి ఉన్నావిడకు చాప మీద పీట సిద్ధంగా ఉంటుంది. ఇందులో గొప్ప ఉంది, కాదనడం లేదు. కాస్త పొగరు కూడా ఉంది. ఒక నవంబరు మధ్యాహ్నం ఆ పొగరే యసుయో కొంప ముంచింది.

అడక్కూడదన్న పాఠం ఆమెకు హోటలువాళ్ళ కంటే ముందే తల్లి నేర్పింది, అదీ చెంపదెబ్బతో.

వాళ్ళది తజిమా తీరాన ఒక చిన్న చేపల పల్లె. తండ్రి తొకుజి ఉత్తర సముద్రానికి వేటకు వెళ్ళాడు. పడవా రాలేదు, పడవలో మనుషులూ రాలేదు. మిగతా ఇళ్ళవాళ్ళు ఏడ్చి, ఖాళీ శవపెట్టెలకే కర్మలు చేయించి, గుడి గురువుతో చనిపోయినవాళ్ళ పేర్లు రాయించుకున్నారు. యసుయో తల్లి షినో మాత్రం గురువుని గడప దాటనివ్వలేదు. "శవాన్ని చూపించండి, అప్పుడు ఏడుస్తా. అందాకా నా ఇంట్లో ఏడుపు వినపడకూడదు" అంది. ఆ రోజు నుంచి పూటపూటా భర్తకు నీడ పళ్ళెం పెట్టడం మొదలుపెట్టింది.

దూరాన ఉన్న మనిషి ఆకలితో ఉండకూడదని, క్షేమంగా తిరిగి రావాలని ఇంట్లో అతని చోట పెట్టే పళ్ళెం అది. అన్నం గిన్నె మీద మూత పెట్టి కాసేపాగి తీస్తారు. మూత లోపల చెమట పడితే మనిషి బతికున్నట్టు.

"చూడవే, ఎలా చెమట పట్టిందో! మీ నాన్న ఎక్కడో ఊపిరి తీస్తున్నాడు" అనేది షినో, మూతని కూతురి మొహం ముందు పెట్టి.

"వేడన్నం మీద పెడితే పట్టదా అమ్మా?" అంది యసుయో ఒకరోజు.

చెంప ఛెళ్ళుమంది. మళ్ళీ ఆ పిల్ల అడగలేదు.

బడి చదువు కాగానే యసుయో కోబే వచ్చి హోటల్లో చేరింది. పెళ్ళి సంబంధాలు రాకపోలేదు. వచ్చినవాళ్ళకు చావిట్లో ఖాళీ చోటు ముందు పెట్టిన పళ్ళెం కనపడేది. పెళ్ళిళ్ళ పేరమ్మ తల పట్టుకునేది. "ఇదిగో షినో గారూ, వియ్యంకుడు ఉన్నాడా, పోయాడా? ఏదో ఒకటి చెప్పండి, వాళ్ళకేం చెప్పుకోను?" అంటే, "వస్తాడు" అనేది షినో. వాళ్ళు టీ తాగి వెళ్ళిపోయేవారు. అలా ఒకటి, రెండు, మరొకటి పోయాక పేరమ్మ రావడం మానేసింది. యసుయో ఒంటరిగానే ఉండిపోయింది. దానికి తల్లిని తిట్టుకున్న రోజులు లేకపోలేదు.

చివర్లో షినోకు చూపు పోయింది. ముసలివాళ్ళ ఆశ్రమంలో ఉన్నా పళ్ళెం పెట్టించుకునేది. సెలవు దొరికినప్పుడల్లా యసుయో వెళ్ళి పక్కన కూర్చునేది.

"చెమట పట్టిందా?"

"పట్టిందమ్మా. కారిపోతోంది."

షినో ఆ మాట విని నిద్రపోయేది, ఒకరోజు అలాగే పోయింది. సమాధి రాయి మీద యసుయో తల్లి పేరొక్కటే చెక్కించింది. తండ్రి పేరు పక్కన చెక్కించడానికి చెయ్యి రాలేదు. చెక్కిస్తే ఆవిడ లేచొచ్చి మళ్ళీ చెంప పగలగొడుతుందేమోనని భయం. నిజానికి భయం కూడా కాదు. తల్లి అంతకాలం పట్టుకున్నదాన్ని తన చేత్తో వదిలెయ్యడం ఆమె వల్ల కాలేదు.

ఇక తొగాషి దంపతుల సంగతి. తొగాషి కోబేలో పేరున్న దర్జీ, సూట్లు కుడతాడు. భార్య మినెకో వాటికి కాజాలు కుట్టేది. యసుయో హోటల్లో చేరిన మొదటి ఏడే వాళ్ళ పెళ్ళి విందు అక్కడ జరిగింది. పెళ్ళికూతురు విందులో ఏమీ ముట్టుకోకూడదు కదా, తలమీద బరువు, నడుముకు బిగింపు. అందరూ తాయి చేప అన్నం లొట్టలేసుకుంటూ తింటుంటే మినెకో బొమ్మలా కూర్చుంది. విందయ్యాక యసుయో ఎవరికీ చెప్పకుండా ఒక గిన్నెడు అన్నం అలంకరణ గదిలోకి పట్టుకెళ్ళింది. మినెకో నిలబడే రెండు ముద్దలు తిని, ఎవరో వస్తున్న చప్పుడైతే గిన్నె దాచేసి, పకపకా నవ్వింది. "మిగతాది ఏడాదికోసారి వచ్చి తింటాను. మీరే పెట్టాలి సుమా" అంది.

అన్నట్టే వచ్చింది. ప్రతి నవంబరులో పెళ్ళిరోజున, రేవు కనపడే చిన్న గదిలో, అదే తాయి అన్నం. భూకంపం వచ్చిన ఏడు హోటలు సగం మూతపడి ఉంటే కింద హాల్లోనే కూర్చుని తిన్నారు. పిల్లలు లేరు. ఒకరినొకరు ఏడిపించుకోవడమే వాళ్ళ కాలక్షేపం. "ఈయన ఇంకొకళ్ళ నడుములన్నీ కొలుస్తాడు, తన పొట్ట మాత్రం కొలుచుకోడు" అనేది మినెకో. యసుయో వాళ్ళకు వడ్డించే రోజు కోసం ఏడాదంతా చూసేది. తనకు ఇల్లూ సంసారమూ లేవు. ఉన్నంతలో ఆ ఒక్క గదే ఆమెకు చుట్టాలిల్లు.

నిరుడు మినెకో మెడ సన్నబడి వచ్చింది. తలకు అల్లిక టోపీ. అన్నం కెలికి వదిలేసింది. యసుయో ఏమీ అడగలేదు. గిన్నె తీస్తున్నప్పుడు మినెకో ఆమె చెయ్యి మీద చెయ్యి వేసింది.

ఈ ఏడు ఫోను వచ్చింది. "తొగాషినండి. మామూలు గదే. ఈసారి ఒక్కడికే." గొంతు బొంగురుపోయి ఉంది.

"అలాగేనండి, ఎదురుచూస్తుంటాం" అంది యసుయో. ఫోను పెట్టేసి వంటగదిలోకి వెళ్ళి పెద్ద వంటవాడు ఉరబే ముందు నిలబడింది. "మినెకో గారు పోయారు."

"ఆయన చెప్పాడా?"

"చెప్పాలా? నిరుడు చూశాం కదా."

"ఓ మాట అడిగితే పోయేది కదమ్మా."

"ఏమని అడగను? మీ ఆవిడ పోయిందా అనా? నువ్వు అడుగుతావా?"

ఉరబే తల గోక్కున్నాడు. "అదీ నిజమేలే. నీ కళ్ళు ఎప్పుడు తప్పాయి గనక" అన్నాడు.

ఆ మాటే ఆమెను చెడగొట్టింది. నగరంలో ఇప్పుడు నీడ పళ్ళెం అంటే పోయినవాళ్ళకే. కర్మల విందుల్లో ఫోటో ముందు పెడతారు. పోయినవాళ్ళు ఆవిరితోనే తింటారని గిన్నెల మీద మూతలు తీసేసి ఉంచుతారు. యసుయో కూడా అలాగే, తొగాషి చోటుకు ఎదురుగా మినెకో పళ్ళెం సర్దింది. తాయి అన్నం, పులుసు, మూతలు తీసి. పక్కన, పోయినవాళ్ళకు పెట్టే తెల్ల చేమంతి ఒకటి. సర్దుతూ కళ్ళు తుడుచుకుంది. ఆయన చూసి సంతోషిస్తాడనుకుంది, అడక్కుండా కనిపెట్టినందుకు.

తొగాషి తలుపు జరిపి లోపలికి వచ్చాడు. పళ్ళెం చూశాడు. రంగు పోయిన మొహంతో గోడ పట్టుకున్నాడు.

"ఆసుపత్రి నుంచి ఫోనొచ్చిందా?" అన్నాడు. "ఎప్పుడు? ఇప్పుడేగా నేను బయల్దేరింది! పొద్దున నాతో మాట్లాడిందే... రేపు ఆపరేషను... నువ్వెళ్ళి తినేసి రా, ఎలా ఉందో వచ్చి చెప్పు, ఏడాది తప్పకూడదు అని తోసి పంపింది..."

మినెకో బతికే ఉంది. బతికున్న మనిషికి చచ్చినవాళ్ళ కూడు పెట్టింది తను. రేపు కత్తి కిందికి వెళ్ళే మనిషి భర్త అది కళ్ళారా చూశాడు. ఇప్పుడు ఈయన ఇలాగే వెనక్కి తిరిగితే, ఈ పళ్ళెం చూసిన మొహంతోనే ఆవిడ మంచం దగ్గరికి వెళతాడు.

ఆమె చాప మీద నుదురు ఆన్చి వంగింది. వంగుతూనే చేమంతిని కిమోనో చేతిలోకి లాగేసుకుంది.

"ఎక్కడా ఏ ఫోనూ రాలేదండి. అమ్మగారు క్షేమం. ఇది మా పల్లె పద్ధతి. దూరాన ఉన్న మనిషి ఇంటికి రావాలని పెట్టేది. మూత మర్చిపోయాను, బుద్ధిలేనిదాన్ని, క్షమించండి." పరుగున వెళ్ళి మూత తెచ్చి అన్నం గిన్నె మీద పెట్టింది. "మా నాన్న సముద్రం మీదికి వెళితే మా అమ్మ రోజూ ఇలాగే పెట్టేది. కాసేపాగి మూత తీస్తే, చెమట పడితే, మనిషికి ఏమీ కానట్టే."

తొగాషి కూలబడ్డాడు. చాలాసేపు గిన్నె వంక చూశాడు.

"మరి మీ నాన్నగారు వచ్చారా?"

తల్లి చనిపోయాక కూడా ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడగలేదు. ఇక్కడివాళ్ళ మర్యాద అలాంటిది, అడగరు.

"వచ్చారండి" అంది.

తొగాషి చెయ్యి చాపి మూత తీశాడు. లోపలంతా చెమట. ఒక బొట్టు జారి ఆయన మణికట్టు మీద పడింది. ఆయన దాన్ని తుడుచుకోలేదు. పుల్లలు తీసుకుని, ఏడుస్తూనే, తన గిన్నెలో అన్నం మెతుకు మిగలకుండా తిన్నాడు.

యసుయో వడ్డన గదిలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. కిమోనో చేతిలో చేమంతి నలిగిపోయింది. "నాన్న వచ్చాడని చెప్పాను" అంది, వంటగదిలోంచి తొంగి చూసిన ఉరబేతో. అతనికేమీ అర్థంకాలేదు. "ఎవరి నాన్న?" అన్నాడు.

మరుసటి నవంబరులో మళ్ళీ ఫోను. "తొగాషినండి. ఒక్కడికే."

యసుయో రిసీవరు పట్టుకుని ఆగింది. ఇన్నేళ్ళ కొలువులో చెయ్యనిది చేసింది. అడిగింది.

"తొగాషి గారూ, అమ్మగారు ఎలా ఉన్నారండీ?"

"వానాకాలం మొదట్లో పోయింది" అన్నాడు. "అడిగారు, చాలా మంచిపని చేశారు. ఎవరూ అడగడం లేదు. అందరూ మొహం చూసి తెలుసుకుంటున్నారు."

"అమ్మగారికి పెట్టనా?"

"పెట్టండి."

ఆయన వచ్చేసరికి తాయి అన్నం ఎదురుగా ఉంది, మూత లేకుండా, చేమంతితో. తొగాషి కూర్చుని చేమంతి వంక చూసి కొంచెం నవ్వాడు.

"నిరుడు కూడా చూశాను దీన్ని. మీరు చేతిలోకి లాక్కున్నారు. దర్జీని కదా, నా కళ్ళు మనుషుల చేతుల మీదే ఉంటాయి."

యసుయో తల వాలిపోయింది. "తెలిసీ ఎందుకు తిన్నారండీ?"

"మీ నాన్నగారు వచ్చారన్నారుగా. నాకు అప్పుడు ఆ మాటే కావాలి. అది పట్టుకుని వెళ్ళి మినెకోకి చెప్పాను. మీ నాన్న కథ, మూత, చెమట, అంతా. ఆపరేషను ముందు రాత్రి నర్సు కసిరేదాకా కబుర్లే. మొత్తం విని ఏమందో తెలుసా?"

"ఏమన్నారు?"

"'ఓరి పిచ్చి మొగుడా, ఆయన రాలేదు' అంది. 'వచ్చినవాడి పళ్ళెం ఎలా పెట్టారో ఎవరికి గుర్తుంటుంది? ఈవిడకి మూతతో సహా అన్నీ గుర్తున్నాయి. రాలేదు, పాపం. వచ్చే ఏడు నువ్వెళ్ళి ఆవిడ తరఫున కూడా ఒక గిన్నె పెట్టించు. ఎప్పుడూ మనకి పెట్టడమేగా' అంది."

యసుయో పెదవి కొరుక్కున్నా ఏడుపు ఆగలేదు. అతిథి ముందు కన్నీరు పెట్టకూడదన్నది ఆ హోటల్లో మరో పెద్ద నియమం. అది కూడా పోయింది. పదేళ్ళ పిల్లగా ఏడవాల్సింది, ఏడవనివ్వనిది, ఇప్పుడు అరవై దాటాక బయటికి వచ్చింది. తొగాషి కిటికీలోంచి రేవు వైపు చూస్తూ కూర్చున్నాడు, ఆమె ఏడుపు అయ్యేదాకా.

"నాన్నగారి పేరేమిటి?" అన్నాడు తర్వాత.

"తొకుజి అండి."

"వెళ్ళి తొకుజి గారికి తెచ్చి పెట్టండి. నా పక్కన చోటుంది."

ఆమె వంటగదికి వెళ్ళింది. ఉరబే ఆమె మొహం చూసి తాయి అన్నం గిన్నెలో వేసి, అలవాటు ప్రకారం మూత పెట్టి ఇచ్చాడు. ఆమె పట్టుకొచ్చి తొగాషి పక్కన పెట్టింది. అలవాటు ప్రకారమే కాసేపు ఆగింది. మూత తీసింది. లోపలంతా చెమట, చిన్నప్పుడు తల్లి తన మొహం ముందు పెట్టి చూపించినట్టే.

ఆమె మూతని వెల్లకిలా పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. గిన్నె మళ్ళీ మూయలేదు.