బయటికి తెరుచుకునే తలుపు

1968. పొందూరుకి తూర్పున ఉన్న ఒక పంచాయతీ సమితిలో నేను సూపర్‌వైజర్ని. కాగితం మీద సూపర్‌వైజరు, జనం నోట్లో మాత్రం ఓవర్సీరు బాబు. బళ్ళు, బావులు, కల్వర్టులు, అంటే రోడ్డు కింద నీళ్ళు పోయే తూములు, ఇవీ మా పని. విజయనగరంలో డిప్లొమా చదివి కొత్తగా వచ్చినవాణ్ణి. సైకిలు, గొడుగు, జేబులో టేపు. నేను కట్టలేనిదంటూ భూమ్మీద లేదని గట్టి నమ్మకం.

ఆ సమితిలో కప్పులేని బడి ఉన్న ఊరు ఒకటుండేది. పేరు చెప్పను. ఆ ఊరివాళ్ళు ఇప్పటికీ నన్ను పెళ్ళిళ్ళకు పిలుస్తారు, భోజనం పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. బడి అంటే ఊరి చివర జీడిమామిడి తోట. పిల్లలు చెట్ల కింద కూర్చునేవారు, మాస్టారు ఎండని బట్టి కుర్చీ జరుపుకుంటూ పాఠం చెప్పేవారు. చినుకు పడితే సెలవు. నాలుగు మబ్బులు కనిపిస్తే చాలు, ఎక్కాలు చదివే గొంతులన్నీ ఒక్కసారి హుషారెక్కేవి. పక్క ఊళ్ళవాళ్ళు, "వానొస్తే మీ బడిలో సదివేది కప్పలే" అని ఏడిపించేవారు.

పక్కా బడి కట్టడానికి ఆ ఏడు గ్రాంటు వచ్చింది. మార్చి నెలాఖరుకి పని పూర్తికాకపోతే డబ్బు వెనక్కి పోతుంది. అంతేకాదు, ఈసారి కూడా కట్టుకోకపోతే మాస్టారి పోస్టు గెడ్డ అవతలి ఊరికి మార్చేస్తామని పైనుంచి చెప్పేశారు. గెడ్డ అంటే మా వైపు వాగు. వానాకాలంలో అది పెద్దవాళ్ళనే నిలబడనివ్వదు, పలకా సంచీ పట్టుకున్న చిన్నపిల్లలు దాటడమన్నది కలలో మాట. పోస్టు పోయిందంటే ఆ ఊరి పిల్లల చదువు పోయినట్టే.

పంచాయతీ ప్రెసిడెంటు సూర్నారాయణ గారు మంచి మోతుబరి, అంతకంటే మంచి మాటకారి. ఊళ్ళోవాళ్ళు కూడా బంగారం లాంటి మనుషులు. పునాదులు తవ్వారు, ఎడ్లబళ్ళతో ఇసుక తోలారు, ఆడవాళ్ళు పాడుకుంటూ ఇటుకలు మోశారు. లింటెల్ దాకా, అంటే తలుపులకీ కిటికీలకీ పైన వేసే అడ్డదూలం దాకా, గోడలు చకచకా లేచాయి. నా అంతటి ఓవర్సీరు జిల్లాలో లేడని నాకే అనిపించింది.

స్లాబు ఆరేదాకా కింద ఆసరాగా ఉండే సెంటరింగ్ వేద్దామని సరుగుడు కర్రలు దింపించిన రోజున పనికి ఒక్కరూ రాలేదు.

ప్రెసిడెంటు గారి అరుగు మీదకి వెళ్ళి అడిగాను. ఆయన తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకుని, "గోడలు ఎంతెత్తు కావాలంటే అంతెత్తు కట్టుకోండి బాబూ. కప్పు మాత్రం వొద్దు" అన్నారు.

గోడ మా స్థలంలోకి వచ్చిందని తగువులు చూశాను. తూము మా చేను వైపు పెట్టమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళనీ చూశాను. కప్పు వద్దన్న ఊరిని అదే చూడటం.

"కప్పు లేకపోతే అది బడేటండి, బందిలదొడ్డి అవుతుంది" అన్నాను.

అప్పుడు చెప్పారు. నలభై ఏళ్ళ కిందట ఆ ఊళ్ళో తాటాకు బడి ఉండేదట. ఓ ఎండాకాలం అంటుకుంది. పిల్లలు లోపల ఉన్నారు. అందరూ బయటికి రాలేదు. ఆ తర్వాత ఊరంతా ఒక్కమాట అనుకుని బడిని తోటలో పెట్టుకున్నారు. ఆకాశం అంటుకోదు కదా అని.

కథ మొదలవగానే అరుగు నిండిపోయింది. అక్కడున్న యాభై ఏళ్ళ వాళ్ళందరూ ఆ రోజు ఆ బడిలో పిల్లలే. ఒకాయన, బెల్లం పొయ్యి నుంచి రవ్వ లేచిందన్నాడు. ఇంకొకాయన, కాదు, అప్పటి మాస్టారి చుట్ట అన్నాడు. వడ్రంగి గున్నయ్య, పక్కింటివాళ్ళు ధాన్యం ఉడకబెడుతున్నారన్నాడు. గోడ పగలగొట్టి పిల్లల్ని లాగింది ఎవరన్న దగ్గరికి వచ్చేసరికి అసలు గోల మొదలైంది. "మా అయ్య ఒక్కడే సేసినాడు" అని ఒకరు. "మీ అయ్య సంతకెల్లిపోనాడురా ఆ దినం! పగలేసినోడు మా సిన్నాన్న" అని మరొకరు. లోపలినుంచి తానే పలకతో పొడిచి గోడకి చిల్లు పెట్టానని గున్నయ్య. అంతమంది పగలగొట్టాలంటే ఆ తాటాకు బడికి కోటగోడ ఉండి ఉండాలి. నాకు నవ్వొచ్చింది, వాళ్ళూ నవ్వారు.

"మరి తలుపు ఏమైంది? తలుపులోంచి ఎందుకు రాలేదు?" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ప్రెసిడెంటు గారు కాలి బొటనవేలు చూసుకున్నారు. గున్నయ్య, "ఆ మాట అప్పాయమ్మే సెప్పాల. కప్పు ఎయ్యాలన్నా ఆయమ్మే సెప్పాల" అన్నాడు. అప్పాయమ్మ తమ్ముడు ఆ మంటల్లో పోయాడట. తోటలో బడి పెట్టించిందీ ఆవిడ తండ్రేనట.

అప్పాయమ్మ వాకిట్లో కూర్చుని చుట్ట తాగుతోంది. మా వైపు ఆడవాళ్ళ అడ్డపొగ తెలిసినవాళ్ళకి తెలుసు, చుట్ట వెలిగించి నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుంటారు. ఎంత అలవాటైన దృశ్యమైనా నాకు చూసినప్పుడల్లా నాలుక చురుక్కుమనేది.

"ఏటలగ సూత్తావు? నిప్పు బైటుంతే గాలి మాటింతాది. లోపలుంతే నా మాటింతాది. కూకో. కప్పు గురించే గదా వొచ్చినావు?" అంది.

"అమ్మా, ఇది తాటాకు కాదు. సిమెంటు కాలదు."

"బల్లలు కాలవేటి? పుస్తకాలు కాలవేటి? గుంటలు కాలరేటి? అన్నీ కాలిపోనాక నీ సిమెంటొకటీ మిగుల్తాది. దాన్నేటి సేసుకుంతాం బాబూ?"

మా వైపు పిల్లల్ని గుంటలంటారు. గొడుగు పక్కన పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడే చెప్పుకొచ్చింది.

"పడమట గాలి ఆ దినం. కప్పంటుకున్నాదని ఎవులో అరిసినారు. నాను మా తమ్ముడు పైడిగాడి సెయ్యట్టుకుని అందరికన్నా ముందు తలుపుకాడికి ఎల్లిపోనాను. ఆ తలుపు లోపలికి లాగాల. నాను లాగతన్నాను, ఎనకనించి అందరూ తోసెత్తన్నారు. నా నేస్తులే. ఆ తోపుకి తలుపు రానేదు. మరి గోడెవులు పగలేసినారో నాకు తెల్దు. నన్ను లాగినప్పుడు నా సేతిలో పైడిగాడి సెయ్యి లేదు."

చుట్ట తీసి చేతిలో పట్టుకుంది. "ఎవుల్నేటంతాం బాబూ? అందరూ బతకాలనే తోసినారు."

అరుగు మీద అందరూ గోడ గురించే ఎందుకు మాట్లాడారో, తలుపు అనగానే ఎందుకు ఆగిపోయారో అప్పుడు నాకు అర్థమైంది. తోసినవాళ్ళు వాళ్ళే. పసిపిల్లలు, ఏమెరుగుదురు? ఆవిడ ఏనాడూ ఒక్కమాట అనలేదు, వాళ్ళు ఏనాడూ ఆవిడ ముందు ఆ మాట ఎత్తలేదు. నలభై ఏళ్ళు ఒకే వీధిలో పాలూ మజ్జిగా ఇచ్చిపుచ్చుకుంటూ బతికారు.

"అమ్మా, తలుపు బయటికి తెరుచుకునేలా పెడితే? ఎంత తోస్తే అంత తెరుచుకుంటుంది. ఒకటి కాదు, రెండు పెడతాను" అన్నాను.

ఆవిడ అరచేత్తో గాలిలోనే తలుపు తోసి చూసింది. "అలగ ఉంతాదేటి?" అంది.

"మనం పెడితే ఉంటుంది."

"అయితే పెట్టు. కప్పేసుకో. గుంటల్ని ఎప్పుడు అంపాలో మాత్రం నాను సెప్తాను."

ఎగురుకుంటూ వచ్చి గున్నయ్యకి చెప్పాను. అతను ఉలి కింద పెట్టేశాడు. "బాబూ, నాను సెయ్యను. తలుపు లోపలికే తియ్యాల. లచ్చిమి లోపలికొస్తాది. బైటికి తీస్తే ఉన్న లచ్చిమి కూడా ఎల్లిపోతాది. మా తాత ముత్తాతలు ఎవులూ అలగ సెయ్యలేదు" అన్నాడు. ప్రెసిడెంటు గారు కూడా తల ఊపారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా!

కబురు అప్పాయమ్మకి చేరింది. ఆవిడ నడివీధిలో నిలబడి, "ఒరే గున్నిగా! బడికి లచ్చిమి ఏల వొస్తాదిరా? ఒక పాలి మాస్టారి సొక్కా సూడు, వొస్తే అలగ ఉంతాదేటి? అది సదువులమ్మ ఇల్లు. సదువు బైటికెల్లాల. లోపలే కూకుంతే ఎవులికి లాబం?" అంది. మాస్టారితో సహా వీధంతా నవ్వింది. గున్నయ్య ఉలి అందుకున్నాడు.

మాకు టైప్ డిజైన్ అని ఒకటి ఉంటుంది. జిల్లాలో బళ్ళన్నీ ఒకేలా ఉండాలని ఆఫీసువాళ్ళు పంపే నమూనా ప్లాను. అందులో తలుపు ఒకటే, లోపలికి తెరుచుకునేది. ఆ ద్వారబంధాన్ని ఊడదీసి తిప్పి పెట్టించాను. రెండో తలుపుకి పెద్ద పనేం లేదు, ఎదురుగోడ కిటికీకి పైన లింటెల్ ఎలాగూ ఉంది, కింది గోడ తీసేస్తే చాలు. అరుగు మీద గోడ పగలగొట్టిన వీరులందర్నీ, వాళ్ళ వారసుల్నీ పిలిపించి, "ఇదిగో గోడ, ఇదిగో గునపం" అన్నాను. ఒకరి చేతిలోది ఒకరు లాక్కుని పొడిచారు. మధ్యాహ్నానికి గోడ పోయింది, అందరి నడుములూ పోయాయి. ఆ రోజు నుంచి మాత్రం వాళ్ళలో ఎవరు గోడ పగలగొట్టానన్నా అబద్ధం కాదు.

స్లాబు రోజు పండగే. ఆడా మగా వరసకట్టి సిమెంటు తట్టలు అందించారు. సెంటరింగ్ విప్పాక మా అసిస్టెంట్ ఇంజనీరు గారు జీపులో తనిఖీకి వచ్చారు. మంచివారే గానీ నియమం తప్పితే ఒప్పుకోని మనిషి. గుమ్మం చూడగానే కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఏమయ్యా, తలుపులు తిరగేసి పెట్టావు? డిజైనుకి విరుద్ధం కదా?"

నేను నోరు తెరిచేలోగా అప్పాయమ్మ వచ్చింది, వెనక ఆనాటి బడిపిల్లలందరూ. "పెద్దబాబూ, తరవాత అడుగుదువు గానీ, ముందు లోపలికెల్లి కూకో" అంది. ఆయన పాంటు మడతలు సర్దుకుంటూ, ప్రెసిడెంటు గారి పక్కన, నేల మీద కూర్చున్నారు. అందరూ బాసింపట్టు వేసుకున్నారు. పంచెలు కట్టిన ఆ తరగతిని చూసి మాస్టారు నవ్వాపుకోలేకపోయారు. అప్పాయమ్మ రెండు తలుపులూ మూయించి, గంట వినగానే అందరూ ఒక్కసారి బయటపడాలని చెప్పి, బడిగంటగా వేలాడే రైలు పట్టా ముక్క దగ్గర నన్ను నిలబెట్టింది. గంట కొట్టాను.

లోపల ఒకటే నవ్వులు, కేకలు. మగవాళ్ళలో సగం మంది ఎదురు తలుపులోంచి పంచెలు పట్టుకుని బిలబిలా వచ్చేశారు, వాళ్ళ మధ్య మా ఇంజనీరు గారు. ముందు తలుపు మాత్రం తెరుచుకోలేదు. పరిగెత్తుకెళ్ళి కిటికీలోంచి చూశాను.

తలుపుకి ఎదురుగా అప్పాయమ్మ నిలబడి ఉంది. ఆవిడ వెనక మిగిలినవాళ్ళందరూ బిగుసుకుపోయి ఉన్నారు, ముందు ప్రెసిడెంటు గారు. ఆవిడ మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలడం లేదు.

ఆవిడ వెనక్కి తిరగకుండానే అంది. "తొయ్యండర్రా. ఇప్పుడు తొయ్యండి. ఏటవదు."

ఎవరూ కదల్లేదు.

"ఒరే సూరీ, నీకే సెప్తన్నాను. తొయ్యి."

సూర్నారాయణ గారు కళ్ళు మూసుకుని ఆవిడ వీపు మీద రెండు చేతులూ వేసి తోశారు. ఆయన వెనకవాళ్ళు ఆయన్ని తోశారు. తలుపు రెక్కలు భళ్ళున తెరుచుకున్నాయి, అందరూ ఎండలోకి వచ్చి పడ్డారు. ప్రెసిడెంటు గారు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అప్పాయమ్మ నాలుగు అడుగులు ముందుకి నడిచింది. ఆవిడ ఎడమచెయ్యి వెనక్కి చాపి ఉంది, పిడికిలి బిగించి. ఎవరి చెయ్యి పట్టుకుని తెచ్చిందో అక్కడ అందరికీ తెలుసు. తోట నీడ దాకా వెళ్ళాక మెల్లగా ఆ పిడికిలి విప్పింది.

తర్వాత కొంగులోంచి చుట్ట తీసింది. "ఏటి సూత్తన్నారు? గుంటల్ని పిలవండి" అంది.

ఇంజనీరు గారు పాంటుకి అంటిన దుమ్ము దులుపుకోవడం కూడా మరిచిపోయారు. జీపెక్కుతూ, "తలుపుల సంగతి నేను చూసుకుంటాలే" అన్నారు. మార్చి లోపలే బిల్లు పాసయింది, మాస్టారి పోస్టు గెడ్డ దాటలేదు.

ఆ తర్వాత నా సర్వీసులో ఎన్ని బళ్ళు కట్టించానో గుర్తులేదు గానీ, ఒక్కదానికీ తలుపు లోపలికి పెట్టించలేదు. ఏ ఊరికి వెళ్ళినా టేపు తీసేముందు అరుగు మీద కూర్చోవడం అలవాటైంది. జనం తగువులాడుకుంటూ చెప్పే మాటలు సరదాగా వినొచ్చు. వాళ్ళు ఏ మాట దగ్గర ఆగిపోతారో అక్కడే మన పని ఉంటుంది. నాకు ఆ ఊరు నేర్పింది ఇదే. మా ఇంటి తలుపు మాత్రం లోపలికే తెరుచుకుంటుంది, లచ్చిమి విషయంలో మా ఆవిడతో వాదించే ధైర్యం నాకు లేదు.

మొన్న ఓ పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ బడి ముందునుంచి నడిచాను. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన మొదటి రోజు. గంట కొట్టగానే పిల్లలు తోసుకుంటూ, కిలకిలా నవ్వుతూ తోటలోకి పరిగెత్తుకొచ్చారు. ప్రతి పెద్దపిల్లా ఒక చిన్నవాడి చెయ్యి పట్టుకుని ఉంది. జీడిచెట్ల నీడలోకి వచ్చాకగాని వదల్లేదు. ఇదేమిటని ఓ పిల్లని అడిగాను.

"ఆట" అంది. "సెయ్యి వొదిలేస్తే ఓడిపోయినట్టు."