బిందె మీద ఐదు చుక్కలు

నవల రాయడం సుఖమే. అచ్చుకు వెళ్ళే ముందు దాన్ని ఇంటి మనిషికి చదివి వినిపించడమే గండం.

నా నవలలో రెండు కాలాలున్నాయి. ఒకటి ఇప్పటిది. చోడవరంలో ఒక టీచరమ్మ తన మేనత్త ఇంట్లో పాత ఇత్తడి బిందె చూసి, దాని వెనకున్న కథ కోసం తిరుగుతుంది. రెండోది అరవై ఏళ్ళ కిందటిది. వడ్డాదిలో పెళ్ళి కుదిరిన ఒక అమ్మాయి, ఆమె సారె సామాను మీద పేర్లు కొట్టడానికి అనకాపల్లి నుంచి వచ్చి మూడు రోజులు వాళ్ళ అరుగు మీద కూర్చున్న ఒక ముస్లిం కుర్రాడు. టీచరమ్మను నేనే. మేనత్త మా అత్తే. మనుషుల పేర్లు మార్చాను గానీ బిందెను మార్చడానికి చేతులు రాలేదు.

ఆ బిందె మీద మా అత్త పేరు ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. దాని కింద, విడిగా, పువ్వులా ఐదు చుక్కలు. చిన్నప్పుడు అవేమిటని అడిగితే, "నీకెందుకే, నీళ్ళట్టుకురా" అంది అత్త. నాకు ఆ మాట చాలు. వడ్డాదిలో మా ఇంటి ఇత్తడంతా నేను పుట్టకముందే స్టీలు సామానుకి మార్చేశారు. పక్కన పెట్టి పోల్చుకోవడానికి మరో బిందె లేదు. అనకాపల్లి కుర్రాడెవరో మూడు రోజులు అరుగు మీద కూర్చుని పేర్లు కొట్టాడని మాత్రం ఇంట్లో అనుకోగా విన్నాను. పేరు వేస్తూ ఆ కుర్రాడు తన మనసు కూడా వేసి వెళ్ళాడని నేనే తీర్మానించేసి, మూడు వందల పేజీలు రాశాను.

అచ్చు కాగితాలు వచ్చాయి. శుక్రవారంలోగా సరేనంటే చాలు, పుస్తకం అయిపోతుందన్నారు. అప్పుడు పట్టుకుంది నాకు భయం. ఆ బిందె అత్తవాళ్ళ హాల్లో, ప్లాస్టిక్ పూలు పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా ఉంది. పుస్తకం చదివిన చుట్టం ఎవరైనా ఆ చుక్కలు గుర్తుపడితే? మా బావకి, అంటే అత్త కొడుక్కి, మాట పట్టింపు. ఎనభై దాటిన అత్త గురించి ఎవరో నవ్వుకుంటే ఊరుకునే మనిషి కాడు. అదీ ఒక ఎత్తు. అమ్మ పోయాక నాకు జడలు వేసి పెంచింది అత్త. ఆవిడ నాతో మాట్లాడడం మానేస్తే నాకింకెవరున్నారు? నాలుగు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

గురువారం మధ్యాహ్నం బావా, ఆయన భార్యా మాడుగుల వెళ్ళారని తెలిసి, కాగితాలు సంచిలో పెట్టుకుని వెళ్ళాను. అత్తకు కళ్ళు సరిగా ఆనవు. మంచం మీద కాళ్ళు చాపుకుని, "సదువు" అంది.

చదివాను. అరుగు మీద అతను బిందె అందిస్తుంటే ఇద్దరి వేళ్ళూ తగిలే చోటికి వచ్చేసరికి ధైర్యం చాలక గబుక్కున ముందుకెళ్ళిపోయాను.

"ఆగు," అంది అత్త. "ఏటో దాటేసేవు. కాయితాలు రెండు తిరిగిన సప్పుడయ్యింది."

వెనక్కి వెళ్ళి చదవక తప్పలేదు. వేళ్ళు, ఐదు చుక్కలు, అన్నీ చదివేసి తల వంచుకుని కూర్చున్నాను. అత్త పకపకా నవ్వింది.

"ఒసే గుంటా, ఆ సుక్కల మీదా ఇంత కథల్లేవు? అవి మీ తాత ఏయించినవే. ఊళ్ళో పెళ్ళిళ్ళకి మన బిందెలు అడిగి పట్టుకెళ్ళేవోరు. ఎవరివెవరివో కలిసిపోకండా మనింటి గుర్తు. మనింట్లో సెంబుల మీద కూడా ఉండేవి."

సిగ్గుతో చచ్చిపోయాను. అంతకంటే ఎక్కువగా ఊపిరి పీల్చుకున్నాను. కథంతా నా తలలోంచే వచ్చిందన్నమాట, అత్తకేమీ సంబంధం లేదన్నమాట. హాయిగా కాగితాలు సర్దుకుంటున్నాను.

"ఆకర్న ఆ అబ్బాయేటయ్యేడు?" అడిగింది అత్త.

"మళ్ళీ రాలేదత్తా. ఆ అమ్మాయికి పెళ్ళయ్యాక ఇంక కనబడలేదు."

అత్త చాపిన కాళ్ళు ముడుచుకుంది. "రాకపోవడమేటి. మరసటేడు వచ్చేడు. ఈ గుమ్మంలోనే కూకున్నాడు."

అత్త మెల్లగా లేచి, బీరువాలో చీరల అడుగు నుంచి ఒక ఇత్తడి గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది. తిప్పి తిప్పి చూశాను. గరిటెకి కూడా పేరుండే ఆ ఇంట్లో, ఆ గ్లాసు మీద పేరు లేదు. చుక్క కూడా లేదు.

"కొత్త సామాను మీద పేర్లెయ్యమని మా అత్తగారు ఇచ్చేరు. అన్నిటికీ ఏసి, ఇదొక్కటీ ఊరికే ఇచ్చేడు. దీనికెయ్యలేదేటని అడిగేను. 'ఇది ఎవరిదో మనకి తెలుసు కదండీ' అన్నాడు. అంతే, సామాను సర్దుకుని ఎల్లిపోయేడు. మర్సిపోయేడని సెప్పేను మీ మావయ్యకి."

గేటు దగ్గర బావ బండి ఆగింది. అత్త గ్లాసు లాక్కుని చీరల కింద తోసేసి, నా వైపు తిరిగి గొంతు తగ్గించి చెప్పింది.

"పుస్తకం ఏసుకో. సుక్కలతోటే ఏసుకో. గ్లాసు సంగతి మాత్రం నేనున్నన్నాళ్ళూ రాయకు."

పుస్తకం వచ్చింది. చుక్కల దగ్గర ఏడ్చామని ఎందరో అన్నారు. బావ సైతం ఇంటికొచ్చినవాళ్ళకి బిందె చూపించి, "మా మరదలికి పని లేదు, మా తాత గుర్తు మీద నవల రాసింది" అని నవ్వేవాడు. అత్తా నవ్వేది. నేను మాత్రం ఎవరు బీరువా దగ్గరికి వెళ్ళినా నవ్వు ఆపేసి అటే చూసేదాన్ని.

అత్త పోయి ఏడాదవుతోంది. పన్నెండో రోజు అయ్యాక బావ భార్య బీరువా సర్దుతూ గ్లాసు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, దీని మీద పేరు లేదు. మనింటిది కాదేటో. ఎవరిదో తెలుసేటి?"

"తెలుసు," అన్నాను. "నేను ఇచ్చేస్తానులే."

చీరకొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను.