మూడేళ్ళ కియాంతి, పొద్దుటి కల్లు

ఎవరైనా తమ పరువు తాము తీసుకుంటారు. నేను ఒక్క సీసాతో మా ఇంటి పరువు, మా ఊరు స్టేషన్ ఘన్‌పూర్ పరువు, ఏ పాపమూ ఎరగని ఇటలీ పరువు కలిపి తీశాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి.

ఎనభైల మొదట్లో మాట. ఊళ్ళలో మంచినీళ్ళ బోర్లు వేయించడానికి లూకా అనే ఇటలీ ఇంజనీరు వచ్చి, మా ముందు గదిలో అద్దెకు దిగాడు. నేను అతని సహాయకుణ్ణి. రెండేళ్ళు మాతోనే తిని, మా మాటే నేర్చుకున్నాడు. మా బాపు తాళ్ళెక్కి కల్లు గీసేవాడు. గీత ఇంటి కొడుకును కాబట్టి తాగే వస్తువుల్లో నాకు తెలియనిది లేదని నా నమ్మకం. కొంప ముంచింది అదే.

లూకా పెట్టెలో ఒక సీసా ఉండేది. దాని పొట్ట చుట్టూ గడ్డితో బుట్ట అల్లి ఉంది.

"గిదేందన్నా?" అని అడిగాను.

"కియాంతి. మా టస్కనీల అన్నీ గుట్టలే, గుట్టల మీద ద్రాక్షతోటలు. గా ద్రాక్షలకెల్లి వచ్చే ఎర్ర వైను. మా దిక్కు బువ్వ తినుకుంట తాగుతరు. తేలికగుంటది. నేను పోయే దినం అందరం తాగుదం."

ఆ దినం రానే వచ్చింది. మధ్యాహ్నం భోజనానికి సర్పంచిని కూడా పిలిచాం. పొద్దున లూకా బజారుకు వెళ్ళినప్పుడు సీసా తీసి, దాని మీది ఏడాది చూశాను. మూడేళ్ళ కిందటిది. పొద్దున దించిన కల్లు మాపటికే పులుస్తుంది. నిన్నటిది చుట్టానికి పోస్తే గీత ఇంటికి తలవంపులు. అలాంటిది మూడేళ్ళదా? సర్పంచి ముందు పాపం లూకా ఏమైపోతాడని నాకు జాలేసింది.

మరమేకు దిగేసి, పట్టకారుతో బిరడా లాగి చుక్క నాలుక మీద వేసుకున్నాను. పులుపు, ఆపైన వగరు. ఇక అనుమానమే లేదు. మొత్తం గోంగూర మడిలో పారబోశాను. బాపు అప్పుడే దించిన తాటికల్లు నింపి, రంగు కోసం నేరేడుపళ్ళు పిసికి కలిపి, బిరడా బిగగొట్టాను. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు కదా. అన్నవాళ్ళు ఇటలీ చూసి ఉండరు.

భోజనాల దగ్గర లూకా సీసాను రెండు చేతులా పట్టుకుని లేచాడు.

"బాపూ, గిది మా నాయిన చేసిన ఆఖరు వైను. అది చేసినంక ఆయన బతకలే. గిదొక్కటే మిగిలింది. మీ ఇంట్ల రెండేండ్లు తిన్న. మా ఇంటిది జర మీకు పోసి పోత."

నేను గబుక్కున సీసాకు అడ్డం వెళ్ళాను. "లూకన్నా, గిప్పుడెందుకు, రైల్ల తాగు" అన్నాను.

"ఒక్కణ్ణే ఎట్ల తాగుత?"

అప్పటికే లోపల కల్లు పొంగుతోంది. పులిసే కల్లుకు మూత బిగించకూడదని మా ఇంట్లో పిల్లికి కూడా తెలుసు. లూకా బిరడా మీద చెయ్యి వేయకముందే అది ఎగిరి దూలానికి తగిలింది. ఎర్రటి నురగంతా సర్పంచి తెల్ల లాల్చీ మీద పడింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాది కోతి కూడా కాలేదు.

మిగిలింది లూకా గ్లాసులో పోసుకుని ఒక గుక్క తాగాడు.

"బాపూ, గిది మీ కల్లు" అన్నాడు మెల్లగా. తర్వాత నా వైపు చూశాడు. "మా నాయినది ఏడ వోయింది?"

"గోంగూర మడిల పోసిన. మూడేండ్లదాయె. ఖరాబయిందనుకున్న."

అతను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెరట్లోకి వెళ్ళి గోంగూర మడి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. కళ్ళు తుడుచుకుని వచ్చాడు. అంత సిగ్గుపడ్డ రోజు నా జన్మలో ఇంకొకటి లేదు.

మా బాపు మూతి తుడుచుకుని అన్నాడు.

"మూడేండ్లకే పాతదయిందని పారబోసినవ్. నాకు అరవై దాటినయి. నన్నెప్పుడు పారబోస్తవ్‌ రా?"

సర్పంచి పగలబడి నవ్వాడు. చివరికి లూకా కూడా నవ్వాడు. నావల్ల కాలేదు.

ఆ సాయంత్రం బావి దగ్గర సర్పంచి లాల్చీ ఉతుకుతూ, తూర్పుకు తిరిగి ఒట్టు వేసుకున్నాను. ఇకమీద ఎవరి పరువునూ వాళ్ళను అడగకుండా కాపాడను. సీసా ఎంత పాతదైనా సరే, అందులో ఎవరి నాయిన ఉన్నాడో కనుక్కోకుండా బిరడా ముట్టను.