దుబాయికి తిరిగి వెళ్లాల్సిన గ్రాఫిక్స్ కార్డు

2024 వేసవి. మందమర్రిలో నేను కంప్యూటర్ల మరమ్మతు దుకాణం పెట్టి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఈ పని ఎక్కడా చదువుకోలేదు. విప్పి చూసి, అంకెలు రాసుకుని నేర్చుకున్నాను.

నస్పూర్ నుంచి స్వరూప తన కంప్యూటర్‌ను ఆటోలో తెచ్చింది. గనుల్లో కొత్తగా చేరేవాళ్ల శిక్షణ కోసం ఆమె యానిమేషన్ చిత్రాలు తయారుచేస్తుంది. అప్పుడు చేతిలో ఉన్నది నాలుగు నిమిషాల చిత్రం: గని పైకప్పు కూలే ముందు కనిపించే గుర్తులు. సెకనుకు 24 చొప్పున 5,760 బొమ్మలు. బొమ్మలు గీయడానికి కంప్యూటర్‌లో ఉన్న పాత గ్రాఫిక్స్ కార్డుతో ఒక్కో బొమ్మకు 41 సెకన్లు పట్టేది. మొత్తం అరవై అయిదు గంటల పైమాటే. ఎక్కడ తప్పు దొర్లినా మళ్లీ అంతసేపు.

అందుకే దుబాయిలో పనిచేసే ఆమె తమ్ముడు తిరుపతి, సెలవుకు వస్తూ కొత్త రకం కార్డు కొనుక్కొచ్చాడు. పెట్టి చూస్తే తెర వెలిగింది కానీ అంతా మసక. బొమ్మకు మళ్లీ 41 సెకన్లే. తిరుపతి గురువారం తిరిగి వెళ్తున్నాడు. కార్డు చెడిపోయిందయితే అతనితో పంపి అక్కడి దుకాణంలో మార్పించాలి. అతని తరువాతి సెలవు రెండేళ్లకు. బాగున్నదాన్ని పొరపాటున పంపినా రెండేళ్లు పోయినట్టే. ఆ రోజు సోమవారం.

"కాకా, గిది కరాబయిందా, మంచిగున్నదా? గదొక్కటి చెప్పు సాలు," అంది స్వరూప.

"పైసల్ వెట్టి కొనే సిస్టం ఏస్కోమంటే ఇనది కాకా," అన్నాడు తిరుపతి. "ఫుకట్‌ల అచ్చినదాయె, గట్లనే పన్జేస్తది."

"నువ్వెక్కే ఇమానం ఫికర్ జేస్కో తమ్మీ. నా సిస్టం సంగతి నీకెందుకు?"

ఆమె వాడేది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టం, లినక్స్. కార్డును నడిపించే ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. ఎవరైనా చదివి దిద్దగలిగేది ఓపెన్ సోర్స్ డ్రైవర్. లినక్స్‌లో అది పనిచేయాలంటే మూడు కావాలి: అన్నింటికీ మూలమైన కెర్నల్, కార్డు లోపలికి పంపే ఫర్మ్‌వేర్ ఫైళ్లు, బొమ్మలు గీయించే మెసా. కార్డు కొత్తదయితే మూడూ కొత్తవి ఉండాలి. ఆమె దగ్గర మూడూ పాతవే.

మంగళవారం ఒక్కొక్కటి మారుస్తూ, మార్చినప్పుడల్లా పరీక్షించాను. తేడా లేదు. యంత్రం చూపించే భాగాల జాబితాలో కార్డు పేరుంది, దాని డ్రైవర్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ. మా దుకాణంలో ఆ కార్డుకు సరిపడా కరెంటు ఇచ్చే మరో యంత్రం లేదు. పెన్‌డ్రైవ్ నుంచి వేరే లినక్స్ నడిపి చూడాల్సింది. అన్నీ సరిగ్గా చేశానన్న నమ్మకంతో చూడలేదు. బుధవారం మధ్యాహ్నం, లోపం కార్డుదేనని చెప్పేశాను. తిరుపతి అట్టపెట్టె తెచ్చాడు.

"ఇగ రెండేండ్లు గింతేనా?" అంది స్వరూప. "గీ పని ఇంకెవలకన్న ఇడిసిపెడ్త."

వస్తువును తిప్పి పంపేటప్పుడు, దాన్ని ఏ స్థితిలో పరీక్షించానో కాగితం మీద రాసివ్వడం నా పద్ధతి. కార్డు విప్పకముందే రాయడానికి కూర్చున్నాను. కెర్నల్ సంఖ్య, ఫర్మ్‌వేర్ తేదీ అయ్యాక బూట్ లైను. యంత్రం మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే ఆదేశాల వరుస అది. తెర మీద చూస్తూ ఒక్కో మాటే ఎక్కించాను. చివరి మాట నోమోడ్‌సెట్. అక్కడ ఆగాను.

తెరను డ్రైవర్ తన చేతిలోకి తీసుకోవద్దని చెప్పే మాట అది. అది ఉన్నంతసేపు డ్రైవర్ కార్డు జోలికే పోదు. తెర వెలగనప్పుడు తాత్కాలికంగా పెడతాం. నాలుగేళ్ల క్రితం ఆమె పాత కార్డు మొరాయించినప్పుడు పెట్టింది నేనే. రెండు వేర్వేరు కార్డులు ఒకే 41 చూపిస్తే ఆ అంకె కార్డులది కాదు, వాటి పని తానే చేస్తున్న ప్రాసెసర్‌ది. అంకెలు చూసి బతికేవాణ్ని, మూడు రోజులు అది నా కంట పడలేదు.

ఆ మాట తీసేసి యంత్రాన్ని మళ్లీ నడిపాను. తెర తేటపడింది. బొమ్మకు మూడు సెకన్లు. మొత్తం చిత్రానికి అయిదు గంటల లోపే.

"ఏం జేసినవ్ కాకా?"

"నేను వెట్టిందే తీసిన. నాలుగేండ్ల కింద వెట్టి మర్సిపోయిన."

ఆమె పక్కన పెట్టిన పాత కార్డును చేతిలోకి తీసుకుంది. "గట్లయితే నా పాత కార్డు సుత మంచిదేనా?"

పెట్టి చూశాం. తొమ్మిది సెకన్లు.

"అక్కా, మరి గా పాతదాన్ని పట్కపోవాల్నా దుబాయికి?" అన్నాడు తిరుపతి. ఆమె నవ్వలేదు. గురువారం అతను ఖాళీ అట్టపెట్టెను మా దుకాణంలోనే వదిలి వెళ్లాడు.

ఆ మాట పెట్టినట్టు నా పుస్తకంలో లేదు. రెండు నిమిషాల పని అని రాయలేదు. ఇప్పుడు తాత్కాలికంగా ఏం చేసినా, మళ్లీ ఎప్పుడు చూడాలో తేదీతో సహా రాస్తున్నాను. నాలుగేళ్ల కిందటి ఆ రోజుల్లో నేను లినక్స్ వేసిచ్చిన పద్నాలుగు మందికీ ఫోన్ చేసి యంత్రాలు తెప్పించాను. తొమ్మిదింటిలో ఆ మాట ఉంది. ఆరింటిలో దాని అవసరం ఎప్పుడో తీరిపోయింది. యంత్రం నెమ్మదిగా ఉందని ఆ ఆరుగురిలో ఒక్కరూ అంతకుముందు నాకు ఫోన్ చేయలేదు. అదంతేనని అనుకున్నారు.