కొడుకును చూపించడానికి వెళ్ళి

కర్టెన్లు కుట్టే ఆ షాపులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. యజమానురాలి దగ్గర్నుంచి ఇస్త్రీ చేసే ముసలాయన దాకా అందరికీ ఆమె ‘ఉడుంపట్టు’. మందపాటి బట్టను పెద్ద కత్తెరతో ఈ చివర నుంచి ఆ చివర దాకా కత్తిరించాక ఆమె వేళ్ళు వెంటనే కత్తెరను వదిలేవి కావు. ఎడమచేత్తో ఒక్కో వేలూ ఊడదీసుకుని, అరచేతిని బల్లకు ఆనించి సాపు చేసుకునేది. “కత్తెరకీ నీకూ ఎక్కడిదమ్మా ఈ రుణం” అనేవాడు ఇస్త్రీ తాత. చలి రోజుల్లో బస్సు దిగడం మరీ కష్టం. పట్టుకున్న కడ్డీ మీంచి చెయ్యి రాదు, వెనక నుంచి జనం తోస్తుంటారు. “నేను వదిలేశానండీ, బస్సే నన్ను వదలట్లేదు” అనేది. జనం నవ్వేవారు. తనూ నవ్వేది.

ఉన్నదాన్ని నవ్వులాటగా తీసుకోవడం వాళ్ళ పుట్టింటి పద్ధతి. వాళ్ళమ్మ కూరగాయలు తరుగుతూ తరుగుతూనే కునుకులోకి జారిపోయేది. పిల్లలు ఆవిడకి ‘నిద్రగన్నేరు’ అని పేరు పెట్టారు. అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ముప్పై దాటీ దాటకముందే నుదురు నడినెత్తి దాకా పాకింది, రెండు కళ్ళలోనూ శుక్లాలు వచ్చాయి. “ఆపరేషను ఎవరికి, మీ నాన్నగారికా అని అడిగాడే ఆ కళ్ళ డాక్టరు” అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పి నవ్వించేవాడు. యాభై నిండకుండానే అమ్మ ఒక మధ్యాహ్నం కునుకు తీసి మళ్ళీ లేవలేదు. ఆ ఇంట్లో నవ్వడానికి వీల్లేకుండా పోయింది అదొక్కటే.

ఆమెకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్‌తో పెళ్ళయింది. భర్త మాట తక్కువ మనిషి, అత్తగారు ఆ లోటంతా తీర్చే మనిషి. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. కొన్నేళ్ళకు బాబు పుట్టాడు. పుట్టగానే పాలు పీల్చుకునే ఓపిక లేకపోతే కొన్నాళ్ళు ఆస్పత్రిలోనే ఉంచి గొట్టంతో పట్టారు. తర్వాత ఇంటికి పంపేస్తూ “బలం పట్టాలి, అంతే” అన్నారు.

ఆ బలం ఎప్పటికీ పట్టలేదు. నెలలు గడుస్తున్నా మెడ నిలవలేదు. ఎత్తుకుంటే తడి తువ్వాలు భుజాన వేసుకున్నట్టు జారిపోయేవాడు. బోర్లా పడుకోబెడితే ముక్కు పరుపులో దిగబడేది, తల తిప్పుకోలేకపోయేవాడు. పై పెదవి మధ్యలో గుడారంలా పైకి లేచి, నోరు ఎప్పుడూ కాస్త తెరుచుకునే ఉండేది. అన్నిటికంటే ఆమెను కోసేసింది ఇంకొకటి: వాడు నవ్వడు. కళ్ళు మాత్రం ఆమె ఎటు వెళ్తే అటు తిరిగేవి.

ఎదురింట్లో అదే నెలలో పుట్టిన పాప అప్పటికే గడప దాటి వీళ్ళింట్లోకి పాకి వచ్చేస్తోంది. ఆ పాప తల్లి వెనకాలే వచ్చి, “మీవాడింకా బోర్లా పడలేదా? ఆలస్యం అమృతం విషం అంటారు, ఎవరికైనా చూపించకూడదూ” అనేది.

అత్తగారు ఊరుకునేది కాదు. “కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా. మా వంశంలో అందరిదీ ఆలస్యమే. వీళ్ళ నాన్న రెండేళ్ళు నిండాక గానీ అడుగు వెయ్యలేదు, ఇప్పుడు ఇరవై అంతస్తులు ఎక్కి దిగుతున్నాడు” అనేది.

ఆ మాట ఎన్నిసార్లు విన్నా ఆమెకు కాస్త ఊపిరాడినట్టుండేది. షాపులో మిగిలిన గుడ్డపేలికలతో దిండ్లు కుట్టి తెచ్చి, వాటి మధ్య బాబును కూర్చోబెట్టి చూసేది. వాడు మెల్లగా ఒక పక్కకు ఒరిగి, ఒరిగినచోటే ఉండిపోయేవాడు. ఒకరోజు ఇస్త్రీ తాత “మనవడు కూర్చుంటున్నాడా?” అని అడిగితే, “ఆఁ, నిన్నటి నుంచి కూర్చుంటున్నాడు” అనేసింది. అన్నాక తన నోట్లోంచి వచ్చింది తనే విని నిర్ఘాంతపోయింది. ఎందుకన్నట్టు? తాతకు లెక్కేమిటి? ఆ సాయంత్రమే భర్తతో, “రేపు సెలవు పెట్టండి. పిల్లల నరాల డాక్టరుకి చూపిద్దాం. అత్తయ్యకి నచ్చకపోయినా సరే” అంది.

డాక్టరమ్మ పెద్దావిడ, తొందర లేని మనిషి. బాబు చొక్కా విప్పించి, రెండు చేతులూ పట్టుకుని నెమ్మదిగా పైకి లేపింది. తల వెనక్కే వేలాడిపోయింది. చంకల కింద పట్టుకుని ఎత్తితే చేతుల్లోంచి జారబోయాడు. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో తట్టింది. తర్వాత బాబును వదిలేసి, చాలాసేపు తల్లి మొహంలోకి చూస్తూ కూర్చుంది. తన మొహానికేదో అంటుకుందేమోనని ఆమె చెంప తుడుచుకుంది.

“మీరేం పని చేస్తారమ్మా?” అంది డాక్టరమ్మ.

“కర్టెన్లు కుడతానండీ. బాబుని పనిలోకి తీసుకెళ్ళను, అత్తయ్య చూసుకుంటారు.”

“అందుకు కాదు. ఏదీ, నా చెయ్యి పట్టుకోండి. గట్టిగా. ఇంకా గట్టిగా. ఇప్పుడు చటుక్కున వదిలెయ్యండి.”

ఆమె వదల్లేకపోయింది. డాక్టరమ్మ చేతిని పట్టుకున్న వేళ్ళు అలాగే ఉండిపోయాయి. అలవాటు కొద్దీ నవ్వుతూ, “ఇది నాకు మామూలేనండీ, షాపులో నన్ను ఉడుంపట్టంటారు” అంది. డాక్టరమ్మ నవ్వలేదు. వేళ్ళు వాటంతటవే తెరుచుకునేదాకా ఆగి, “ఎప్పట్నుంచి?” అంది.

“చిన్నప్పట్నుంచేనండీ. చలికి ఎక్కువవుతుంది.”

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? చిన్న వయసులోనే కళ్ళలో శుక్లాలు రావడం, ముందు భాగంలో జుట్టు ఊడిపోవడం, పగలు నిద్ర ముంచుకురావడం? ఉన్నట్టుండి పోయినవాళ్ళు ఎవరైనా?”

ఆమె డాక్టరమ్మ వైపు తేరిపార చూసింది. ఈవిడ ఎప్పుడైనా తమ పుట్టింటికి వచ్చి, గోడవారన కూర్చుని అందరినీ చూసి వెళ్ళిందా? గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, బాబు ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమెకు మాత్రం కూర్చున్న కుర్చీతో సహా ఎవరో తనను ఎత్తి ఇంకెక్కడో పెట్టినట్టుంది. చివరికి భర్తే చెప్పాడు. “వాళ్ళమ్మగారు నిద్రలో పోయారండీ. వాళ్ళన్నయ్యకి శుక్లాలు.”

డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఇది కండరాల జబ్బు. బిగుసుకున్న కండరం వెంటనే సడలదు, ఏళ్ళు గడిచేకొద్దీ బలహీనపడుతుంది. వంశంలో దిగుతుంది. దిగేకొద్దీ ముదురుతుంది. తల్లి దగ్గర్నుంచి వచ్చినప్పుడు కొందరు బిడ్డలకు పుట్టుకతోనే ఇలా ఉంటుంది. రక్తపరీక్షతో ఖాయం చేసుకోవాలి గానీ తనకు పెద్దగా అనుమానం లేదు. “నేను బాబుకి జబ్బేంటని చూశాను. జవాబు మీ దగ్గర దొరికింది” అంది. వాడు కూర్చుంటాడు, నడుస్తాడు కూడా, కానీ చాలా ఆలస్యంగా. చదువూ మాటా కూడా నెమ్మదే. వ్యాయామాలు రోజూ చేయించాలి.

“వాడు నవ్వడేంటండీ?” అని అడిగింది ఆమె.

“నవ్వుతున్నాడమ్మా. మొహంలో కండరాలకి చేతకావట్లేదు, అంతే. కళ్ళు చూడండి.”

ఆమె చూడలేకపోయింది. ఇన్నాళ్ళూ వాడు తనను చూసి నవ్వుతూనే ఉన్నాడా?

ఇంటికి వచ్చాక భర్త తల్లికి ఉన్నదున్నట్టు చెప్పాడు. బాబు బట్టలు మడతపెడుతున్న అత్తగారు అంతా విని, “అయితే మా వైపు నుంచి వచ్చింది కాదన్నమాట” అంది.

ఆ గొంతులో ఉన్న నిమ్మళం ముగ్గురికీ వినిపించింది. ముందుగా అత్తగారికే వినిపించినట్టుంది, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని మంచం మీద కూలబడింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. ఆమె పక్క గదిలోకి వెళ్ళి, బాబును ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుంది. అమ్మ కునుకులు, అన్నయ్య బట్టతల, తన చెయ్యి. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వుకున్నవన్నీ జబ్బు లక్షణాలేనా? భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు. బాబు పాదం పట్టుకున్నాడు.

తర్వాత కొన్ని రోజులు అత్తాకోడళ్ళ మధ్య పాలు కాగాయా, నీళ్ళు వచ్చాయా అన్న మాటలే నడిచాయి. పరీక్ష ఫలితం డాక్టరమ్మ అన్నట్టే వచ్చింది. ఆమె గుండెకు కూడా పరీక్ష చేసి, ప్రస్తుతానికి భయం లేదు, ఏటా చూపించుకోవాలి అన్నారు. అప్పుడు డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. “ఈ జబ్బు కొందరిలో గుండె వేగం తగ్గించేస్తుంది. మీ అన్నయ్యని ఆలస్యం చెయ్యకుండా పంపించండి. ఆయనేం చేస్తారు?”

“బస్సు నడుపుతాడండీ” అంది ఆమె. ఆ ముక్క బయటికొచ్చాక గానీ దాని అర్థం ఆమెకు తట్టలేదు.

నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్ళింది. సెలవురోజు కావడంతో అతను ఇంట్లోనే ఉన్నాడు. విన్నదంతా చెబితే నవ్వేశాడు.

“నీకు పిల్లాడి దిగులు పట్టుకుని లోకమంతా రోగంలా కనబడుతోందే చెల్లాయ్.”

“ఒక్కసారి పిడికిలి బిగించు అన్నయ్యా. ఇప్పుడు తెరువు.”

తుప్పు పట్టిన గేటులా ఆ వేళ్ళు ఆగి ఆగి తెరుచుకున్నాయి. అతను వాటినే చూస్తూ ఉండిపోయాడు. గిన్నెలు తుడుస్తున్న వదిన తుడవడం ఆపేసింది.

“డాక్టరు దగ్గరికెళ్తే బండి మీంచి దించేస్తారు” అన్నాడు అన్నయ్య, గొంతు తగ్గించి. “స్టీరింగు లేకపోతే నేనెవరిని చెప్పు?”

“అమ్మ మంచం మీద పోయింది. నీ వెనకాల బస్సు నిండా జనం కూర్చుంటారు అన్నయ్యా.”

అతను మళ్ళీ పిడికిలి బిగించి తెరిచి చూసుకున్నాడు. కాసేపటికి వదినే గోడకున్న చొక్కా తీసి అతని చేతికిచ్చింది. “పదండి, నేనూ వస్తాను” అంది.

ఆస్పత్రిలో అన్నయ్య ఛాతీకి తీగలు అంటించిన కుర్రనర్సు కాగితం చూసి, ఇంకోసారి తీసి, గబగబా బయటికి వెళ్ళింది. గుండె డాక్టరు వచ్చి, “లేవకండి. మంచం దిగొద్దు” అన్నాడు. గుండె మధ్యమధ్యలో కొట్టడం మానేస్తోందట. “ఈమధ్య ఎప్పుడైనా కళ్ళు తిరిగాయా?”

అన్నయ్య భార్య వైపూ, చెల్లెలి వైపూ చూశాడు. “మొన్న సిగ్నల్ దగ్గర కళ్ళ ముందు చీకటైంది. వెనక బళ్ళు హారన్ కొడితే తెలివొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.”

వదిన మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆమెకైతే ఆ సిగ్నలూ, ఆ బస్సూ, కడ్డీలు పట్టుకుని నిలబడ్డ ముక్కూమొహం తెలియని జనమూ కళ్ళ ముందు కదిలిపోయారు. వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

అన్నయ్య గుండెకు మిషను అమర్చడానికి లోపలికి తీసుకెళ్తున్నప్పుడు అత్తగారు బాబును ఎత్తుకుని ఆస్పత్రికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసంతో కోడలి పక్కన కూర్చుని, “ఏళ్ళొచ్చాయి గానీ బుద్ధి రాలేదమ్మాయ్ నాకు. ఆ రోజు ఆ మాట అనకుండా ఉండాల్సింది” అంది. ఆమె తల ఊపి బాబును అందుకుంది. వాడు ఆమెను చూశాడు. ఈసారి ఆమె కళ్ళనే చూసింది, నోటి కోసం వెతకలేదు. వాడు నవ్వుతున్నాడు.

అన్నయ్య దక్కాడు. మళ్ళీ స్టీరింగు పట్టుకోలేదు. డిపోలో ఎవరు ఏ బస్సు తియ్యాలో చెప్పే పనిలో వేశారు. మొదట్లో ఆ కుర్చీ అతనికి ముళ్ళ మీద కూర్చున్నట్టే ఉండేది. వచ్చినప్పుడల్లా మేనల్లుణ్ణి ఒళ్ళో వేసుకుని, “మా డాక్టరుగారు. చదువుకున్నవాళ్ళెవరికీ దొరకని నా రోగం వీడు పడుకునే పట్టేశాడు” అనేవాడు. నవ్వడం మాత్రం మునుపటిలా చేతనయ్యేది కాదు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయేవాడు.

బాబుకు వ్యాయామాలు చేయించడం అత్తగారు నేర్చుకుంది. ఎదురింటి పాప స్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టాక, వీళ్ళవాడు దిండు సాయం లేకుండా కూర్చుని, మడమలకు ఊతగా పట్టీలు కట్టించుకుని గోడ పట్టుకు నిలబడే దశకు వచ్చాడు. మాటలు ఒకటీ అరా. ఎవరైనా అడిగితే ఆమె అబద్ధం చెప్పడం మానేసింది. “నిలబడుతున్నాడు, ఇంకా నడవలేదు” అనేది. ఇస్త్రీ తాత దగ్గర పాత అబద్ధం కూడా ఒప్పేసుకుంది. ఆయన, “నాకు అప్పుడే తెలుసులే” అని ఇస్త్రీ చేసుకుంటూ పోయాడు.

ఒక మధ్యాహ్నం షాపులో ఉండగా అత్తగారి ఫోను వచ్చింది. బాబుకు వ్యాయామాలు చేయించే ఆస్పత్రి నుంచి. అవతల పిల్లల ఏడుపులూ కుర్చీలు జరిపిన చప్పుడూ వినిపిస్తున్నాయి.

“అమ్మాయ్, వీడు నడిచాడు. ఎవరూ పట్టుకోలేదు. నేను చూశాను.”

ఆమె లేచి నిలబడింది. ఒళ్ళో బట్ట కింద పడిపోయింది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఈ మాట కోసమే, తీరా అది వచ్చేసరికి బుర్ర మొద్దుబారిపోయింది. యజమానురాలు తన మిషను ఆపి ఏమైందన్నట్టు చూస్తోంది.

“ఎటు నడిచాడు అత్తయ్యా?” అంది చివరికి.

“ఎటేంటి, తలుపు వైపు. ఇక్కడ చేయించే వ్యాయామాలకి వాడికి విసుగొచ్చినట్టుంది.”