క్రిస్పులో మణికట్టు

మా వీధి పిల్లలెవరూ మెకానిక్కు క్రిస్పులో బావ చేతిని నుదుటికి ఆనించుకుని ఎరగరు. మిగతా పెద్దలందరి చేతులూ అలాగే అందుకుని దీవెన అడిగేవాళ్ళు, ఈయన దగ్గరికొచ్చేసరికి మణికట్టు పట్టుకునేవారు. ఊళ్ళో జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బళ్ళ ఇంజన్లు విప్పే చెయ్యి మరి, గోళ్ళ సందుల దాకా గ్రీజే. ఈ పద్ధతి పెట్టింది ఆయన భార్య. కూతురు రోసెండా మొదటిసారి తెల్ల యూనిఫాం వేసుకుని బడికి వెళ్తూ తండ్రి చెయ్యి అందుకోబోతే, "మణికట్టు! మణికట్టు పట్టుకో!" అని ఆవిడ పెట్టిన కేకకి ఎదురుగా గంజి కొట్టులో ఉన్న నాకే గుండె ఝల్లుమంది.

ఆవిడ పోయింది. మోకాళ్ళు సహకరించక ఆయన కిందటేడు షెడ్డు రోసెండాకి అప్పగించాడు. అప్పట్నించి మొదలైంది చేతులు తోముకోవడం. వంటనూనెలో పంచదార కలిపి రుద్దడం, తర్వాత సబ్బు, ఆపైన నిమ్మచెక్కతో గోళ్ళ సందులు. నా కొట్లో నిమ్మకాయలన్నీ ఆయన గోళ్ళకే సరిపోయేవి.

"ఏంటి బావా, ఈ వయసులో పెళ్ళిచూపులా?" అన్నాను.

"నోరు మూసుకుని ఇంకో చెక్క ఇటివ్వు."

చేతులు నిజంగానే శుభ్రపడ్డాయి. కానీ పిల్లలు అలవాటు మానరే! ఆయన చెయ్యి చాపడం, వాళ్ళు దాన్ని దాటి మణికట్టు పట్టుకోవడం. రోసెండా కూడా అంతే. ఒక్క మాట చెబితే పోయేదానికి ఈ మనిషి నోరు విప్పడు. ఆ మర్యాద అడిగి పుచ్చుకునేది కాదట.

"నా కూతురు ఒక్కసారైనా నా చెయ్యి పట్టుకోలేదు" అని మాత్రం నాతో అన్నాడు. ముందు ఒళ్ళు మండింది నాకు. తర్వాత ఏడుపొచ్చింది.

మొన్న సాయంత్రం గేర్‌బాక్స్ దింపి, మోచేతుల దాకా నలుపుతో వచ్చింది రోసెండా. తండ్రి ముందు తల వంచబోయి ఆగిపోయింది.

"వద్దులే నాన్నా. నా చేతులు చూడు, నీ మణికట్టుకి కూడా అంటుద్ది."

"ఇలా కూర్చో" అని ఆయన నూనె గిన్నె తీశాడు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని చూశాడు. "కిరోసిన్‌తో కడుగుతున్నావా? చర్మం ఎలా పగిలిందో చూడు."

"తొందరగా పోద్దని..."

"తొందరెందుకే? ముందు నూనె, తర్వాతే నీళ్ళు."

ఒక్కో వేలూ పట్టుకుని రుద్దాడు. కూతురి గ్రీజంతా ఆయన చేతులకి ఎక్కింది. ఏడాదిగా తోముకున్నదంతా గంగలో కలిసింది. ఇంకా నలుపంటని ఆయన చేతుల వెనకభాగాన్ని రోసెండా అప్పుడు చూసింది.

"అయ్యో, ఇంత శుభ్రంగా ఉన్నాయా నాన్నా ఇవి? నేను చూసుకోనేలేదు. ఇప్పుడు పాడుచేశాను."

ఆమె తల వంచి, ఆ నల్లటి చేతినే అందుకుంది.

"మణికట్టు... మణికట్టు పట్టుకోవే" అన్నాడు కంగారుగా.

"ఉండు నాన్నా" అని నుదుటికి ఆనించుకుంది. చాలాసేపు వదల్లేదు.

తర్వాత గంజికి నా దగ్గరికొచ్చింది, నుదుట నల్లటి మరకతో.

"ఏమే, చర్చిలో నుదుట బూడిద పెట్టించుకోడానికి ఇవాళేమన్నా విభూది బుధవారమా?" అని గుడ్డ అందించాను.

చేతులు తుడుచుకుంది. నుదురు తుడుచుకోలేదు.